నొప్పి ఉండదు

నెరేయో తన వలలో చిక్కిన మూడు ముళ్ల నత్తల్ని
తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు.
"ఉడకేసి తిను ఒందీనా, వెల్లుల్లి ఎక్కువ వెయ్యి" అన్నాడు.
నేను వంటింటి గట్టు మీద, కాఫీ పొయ్యి పక్కన
వాటికి సముద్రం కట్టాను.

కట్టడమంటే మాటలా?
వారానికి రెండు డబ్బాల ఉప్పునీళ్లు
బార్కోలా రేవు నుంచి మా ఐదో అంతస్తుకి.
ఆగస్టులో తొట్టి వేడెక్కితే
గడ్డకట్టిన నీళ్ల సీసాలు అందులో ముంచి
రాత్రి రెండింటికి లేచి మార్చడం.
మా ఆయనకి జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత చెయ్యలేదు.
ఉండుంటే ఆయనే ఒప్పుకునేవాడు.

నత్తనడక అని నవ్వుతాం గానీ
తొందర లేని వేట చూశారా ఎవరైనా?
పగలంతా ఇసకలో దాక్కుని
ఒక్క గొట్టం పైకి పెట్టి వాసన తాగుతుంటుంది.
చేపల బజారులో కొన్న నల్లటి ఆల్చిప్పని పొద్దున వదిలితే
సాయంత్రానికి దాని మీద ఎక్కి ఉంటుంది.
ఎప్పుడు కదిలిందో
ఇంతవరకూ నేను చూడలేదు.

నాలుకకు నరం లేదంటారు.
దీని నాలుకకు పళ్లున్నాయి.
చుక్క ఆమ్లం రాసి, మెత్తబరిచి, గీకి,
మళ్లీ రాసి
మళ్లీ గీకి
రెండు రోజులు.

నాకా పని తెలుసు.
ముప్పై ఎనిమిదేళ్లు డాక్టర్ పెరీని కుర్చీకి ఎడమవైపు నిలబడి
ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకున్నదాన్ని.
డ్రిల్లు ఆయనది, మాట నాది:
"నోరు తెరవండి. ఇంకొంచెం. నొప్పి ఉండదు."

పై అంతస్తు సాముయేలే, తొమ్మిదేళ్లవాడు,
గాజుకి ముక్కు ఆనించి అడిగాడు,
"ఆ చిప్పకి నొప్పెడుతోందా?"
పాత మాట పెదవి దాకా వచ్చి ఆగింది.
ఆల్చిప్ప మటుకు నోరు తెరవలేదు.
పళ్లే లేకుండా పంటి బిగువున
రెండో రాత్రి దాకా.
"తెలీదు" అన్నాను.
ఆ జవాబు వాడికి నచ్చలేదు.

ఫిబ్రవరిలో గ్రాదోలో అక్క దగ్గర పది రోజులుండి వచ్చాను.
బోరా గాలి కిటికీ రెక్కల్ని బాదుతోంది.
తొట్టిలో రెండే మిగిలాయి.
మూడోది బోర్లా పడి ఉంది, లోపల ఎవరూ లేరు.
గుల్ల రెండో మెలిక మీద ఒక బెజ్జం,
ఆవగింజంత, అంచు చెదరకుండా.
పెరీని చూస్తే భుజం తట్టేవాడు.

ఆకలనుకున్నాను. నా తప్పనుకున్నాను.
ఇసక తవ్వి లెక్కపెట్టాను.
వదిలి వెళ్లిన పది ఆల్చిప్పల్లో
నాలుగు ఇంకా బతికే ఉన్నాయి.

కోపమొచ్చి పెద్దదాన్ని గుప్పిట పట్టి బకెట్లో వేశాను.
వేలంతా ఏదో పసుపు జిగురు కక్కింది.
రేవులో వదిలేద్దామని కోటు తొడిగి
నాలుగో అంతస్తు దాకా దిగాను.
మెట్ల కిటికీలోంచి ఎండ పడింది.
పసుపు ఆకుపచ్చైంది, ఆకుపచ్చ ఊదా అయింది,
కుళ్లిన వెల్లుల్లి కంపుతో సహా.
ఒకప్పుడు రాజుల అంగీలకి అద్దిన రంగట.
నా చూపుడు వేలికి అంటుకుని
సబ్బుకీ పోలేదు, నిమ్మకాయకీ పోలేదు.

బకెట్టుతో మళ్లీ ఎందుకు ఎక్కానో
అడక్కండి. మెట్లు ఎక్కడం నాకు అలవాటే.

ఖాళీ గుల్ల సాముయేలేకి ఇచ్చాను.
బెజ్జంలోంచి దారం దూర్చి నోట్లోంచి లాగి
మెళ్లో వేసుకున్నాడు.
"ఎవరు చేశారు దీన్ని? నువ్వా?"
"నేను కాదు."
"చాలా బాగా చేశారు."

వేలు ఆప్రాన్ జేబులో పెట్టుకుని
ఇంకో ఆల్చిప్ప నీళ్లలో వదిలాను.