ఆరు కిలోమీటర్లు దక్షిణానికి

బేగంపేటలో రాత్రి డ్యూటీ నాది.
రాడార్ నాలుగు రోజులుగా రిపేర్లో ఉంది.
మిగిలింది పైనున్న కన్నొక్కటే.

సాయంత్రం వికారాబాద్ దగ్గర
తెర మీద ఒక తెల్లచుక్క పుట్టింది, గోరంత.
శంకర్‌పల్లి దాటేసరికి అరచెయ్యంత.

ఈ ఉపగ్రహానికి వాన కనబడదు.
చెబితే ఎవరూ నమ్మరు.
ముప్పై ఆరు వేల కిలోమీటర్ల అవతల నుంచి
దానికి తెలిసేది మేఘం నడినెత్తి,
ఆ నెత్తి ఎంత చల్లగా ఉందో, అంతే.
ఒళ్లు కాలితే అమ్మలు భయపడతారు.
చల్లబడితే మేం భయపడతాం.

మైనస్ అరవై రెండు.
పావుగంటకో బొమ్మ.
మైనస్ డెబ్బై ఒకటి.
ఎసరు మరిగి మూతను ఎత్తినట్టు
మధ్యలో ఒక బొడిపె
ఆకాశం కప్పును తోసుకుని లేచింది.

"చాయ్ మేడం" అంటూ కప్పు పెట్టి
ఎల్లేశం తెరకేసి వంగాడు.
"మన ఆఫీసు నెత్తిమీదనే ఉన్నట్టుంది గద?"
నిజమే, సరిగ్గా మా మీదే ఉంది.
వరండాలోకి వెళ్లి చెయ్యి చాచాను.
ఒక్క చినుకు పడలేదు.
దక్షిణాన మెరుపు.
ఉరుము చాలాసేపటికి గానీ రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది.
గుర్తురావడమేమిటి, ఇరవై ఏళ్లుగా
కొత్తవాళ్లకు నేనే చెప్పే పాఠం:
అది భూమధ్యరేఖ మీద నిలబడి
మనల్ని ఏటవాలుగా చూస్తుంది.
ఎత్తైన మేఘం
ఉన్నచోటు కన్నా కాస్త ఉత్తరాన కనబడుతుంది.
అసలు చోటు కావాలంటే వెనక్కి జరపాలి.

మ్యాపు మీద పెన్సిల్‌తో జరిపాను.
పెన్సిల్ హుస్సేన్‌సాగర్ దాటింది,
కోఠీ దాటింది,
మూసీ ఒడ్డున ఆగింది.

"ఎల్లేశం, మీ ఇల్లెక్కడ?"
"మూసానగర్ మేడం. చాదర్‌ఘాట్ బ్రిడ్జి పక్కపొంటి."
పదేళ్లుగా ఆ చేతి చాయ్ తాగుతున్నాను.
అడగడం ఇదే మొదలు.

హెచ్చరికలో రాశాను:
రాగల మూడు గంటల్లో ఉరుములు, మెరుపులతో
అక్కడక్కడ భారీ వర్షం.
అక్కడక్కడ.
ఆ మాటను రోజుకు ఎన్నిసార్లు రాస్తానో.

అతను గోడవైపు తిరిగి ఫోన్లో చెబుతున్నాడు:
"పోరగాన్ని లేపు. గ్యాస్ బండ మంచమెక్కియ్యి.
కాగితాల సంచి పట్టుకొని
జహంగీరన్న వాళ్ల మిద్దె మీదికి నడువు.
ఇంకా వాన షురువు కాలేదా? అయితది.
నాకెట్ల ఎరుకంటే...
మేడం పెన్సిల్‌తోని చూసింది."

పొద్దున ఎనిమిదిన్నరకు
మా ఆవరణలో వాన కొలిచే సీసాలో
నాలుగు మిల్లీమీటర్లు.
రిజిస్టర్లో అదే ఎక్కించాను.

మూడో రోజు వచ్చాడు.
కాలిగోళ్లలో ఇంకా బురద.
"అందరం మంచిగనే ఉన్నం. కోళ్లు పోయినయి."
"నీళ్లు ఎంతవరకు వచ్చాయి?"

ట్రే కింద పెట్టి
అరచేతిని అడ్డంగా పొట్టకు ఆనించాడు.
ఒక్క క్షణం ఆలోచించి
రెండు వేళ్లు పైకి జరిపాడు.