పసుపు పసుపుగనే ఉన్ననాడు

నర్సంపేట పిల్లల దవాఖానల
సూదికి ఏడ్చే పోరగాండ్ల కోసం
చేపల గాబు కట్టుమన్నది సువర్చల డాక్టరమ్మ.
రాజీరు మేస్త్రి కట్టిండు, నేను మాలు అందిచ్చిన.
అంచు మీద చెయ్యి తిప్పితే గాజు పలక.

శుక్రవారం నీళ్లు, శనివారం చేపలు.
ఆదివారం పొద్దుగాల
పదకొండు నారింజరంగు చేపలు
పొట్టలు పైకి పెట్టి తేలినయి.
డాక్టరమ్మ వంగి చూసింది.
"నీళ్లు తేటగనే ఉన్నయి గదా?"

తేటగనే ఉంటదమ్మా సున్నం.
నా వేళ్లు చూడు,
పద్దెనిమిదేండ్ల సంది మాలు ఎత్తినయి.
గోర్ల చుట్టు గుంటలు పడ్డయి,
కూరల కారం తాకితే పానం పోతది.
చేపకు చేతులు లేవు.
దానికి ఒళ్లంత, ఊపిరి సుత,
నా వేళ్ల లెక్కనే.

సిమెంటు ఎండి గట్టిపడదు, తాగి గట్టిపడతది.
తాగినన్ని దినాలు
కడుపుల మంట కక్కుతనే ఉంటది.

నింపిన. మూడు దినాలు ఉంచిన. పారబోసిన.
కొబ్బరిపీచుతోని రుద్ది
చింతపండు పులుసు పట్టిచ్చి
మల్ల కడిగి మల్ల నింపిన.
దినం విడిచి దినం వచ్చే నల్లా నీళ్లు
మోరీల పోస్తున్ననని వాచ్‌మన్ బుచ్చిరాములు నన్ను తిట్టిండు.
అవే నీళ్లు మల్లెచెట్టుకు పొయ్యబోతే
నేనాయన్ని తిట్టిన.

పారబోసే ముందల ప్రతిసారి
గిన్నెడు నీళ్లల్ల చిటికెడు పసుపు.
మొదటిసారి పారాణి,
పెండ్లిపిల్ల కాళ్లకు పెట్టేటంత ఎరుపు.
డాక్టరమ్మ కుర్చీ జరుపుకొని కూసున్నది.
"ఎవరు నేర్పిన్రు నీకిది?"
మా మేనత్త పెండ్లిండ్లల్ల పారాణి కలిపేది, అంతే.

రెండోసారి సుత ఎరుపే.
మూడోసారి పాత ఇటుక.
నాలుగోసారి తక్కువైందో, నా కండ్లే అలిసినయో.
ఐదోసారి గిన్నె ఎండలకు తీస్కపోయి చూసిన,
నమ్మబుద్ధి కాలే, పారబోసిన.
ఆరోసారి
పసుపు పసుపుగనే ఉన్నది.

అయినా రెండు చేపలే ఏసినం.
వారం ఆగినం.
చేతికి పట్టీ ఉన్న పిలగాడొకడు
అంచుకు గదవ ఆనిచ్చి
ఏడుపు మర్శిపోయిండు.

ఇగ నెక్కొండల కొత్త పని.
స్లాబు, నలభై బస్తాలు.
రాజీరును చేతితొడుగులు అడిగిన.
"నువ్వేమన్న చేపవా కనుకమ్మా?" అని నవ్విండు.

మాలు అంటిన చేతులు కడగకుండ
పసుపు రుద్దుకొని
ఆయన ముందల పెట్టిన.