గుండు టైరు

మాలకొండయ్య పంక్చర్ షాపంటే
చీమకుర్తిలో ఏ టిప్పరు డ్రైవరైనా చెబుతాడు,
రామతీర్థం రోడ్డులో, వే బ్రిడ్జి దాటాక.
ఇరవై రెండేళ్లుగా
నా భుజమెత్తు టైర్లతోనే కాపురం.
సమ్మెటేసి రిమ్ము విడదీసి
గాలి ఎటు పోతుందో
తొట్టిలో నీటిబుడగనడిగి తెలుసుకునేవాణ్ణి.

ఇయ్యాల ఆదివారం
పాలిషింగ్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే కెజియా వచ్చి
నా బల్ల మీద పన్నెండు టైర్లు పోసింది.
పోసిందంటే, చేటలో కందులు పోసినట్టే.
ఒక్కోటి నా బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది.
"మద్రాసు నుంచి తెప్పించా అన్నా, మూడు రకాలు.
ఏవెయ్యాలో నువ్వే చెప్పాల."

కారు అరచేతిలో పడుకుంది,
మోటారు ఇంకా వెచ్చగా.
ముందు పళ్లు చూశా,
ఎడ్లసంతలో మా నాయన చూసినట్టు.
పినియనుకు ఎనిమిది, పెద్ద చక్రానికి నలభై నాలుగు.
"తొమ్మిది పళ్లదేస్తే స్పీడు పెరుగుద్ది గదా?"
"పెరుగుద్ది. మలుపులో పరువు పోద్ది."
ప్లాస్టిక్ బుష్షులు పీకి బేరింగులేశాం.
అందులో గుళ్లు ఆవగింజలో సగం.
ఒకటి కింద పడితే
ఇద్దరం మోకాళ్ల మీద అరగంట వెతికాం.

ఇక టైర్లు.
చెయ్యి అలవాటుగా గాడులున్నదాని మీదికే పోయింది.
గుండు టైరు మొహం నేను చూడను.

ఎనిమిదేళ్ల కింద, తుపాను వానలో,
క్వారీ ర్యాంపెక్కుతూ
వెలుగొండయ్య టిప్పరు వెనక్కి జారింది.
దాని వెనక టైరుకి
కత్తి కాల్చి గాడులు తిరగతోడింది నేనే.
"ఇంకో నెల లాగుద్ది" అన్నదీ నేనే.
మనిషి బతికాడు.
ఎడమకాలు ఈడ్చుకుంటా వచ్చి
ఇప్పటికీ నా బెంచీ మీదే టీ తాగుతాడు.
ఒక్కసారీ ఆ మాటెత్తడు.
ఎత్తితే బాగుండు.

ఫ్యాక్టరీ వెనక
అంచు విరిగి ఓడెక్కని పలకలు పరిచారు.
నల్లరాయి, లోపల బంగారు నలుసులు,
వంగితే మన మొహమే కనిపించే నునుపు.
గాడుల టైర్లతో మొదటి మలుపులోనే
కారు బొంగరమై గోడను గుద్దింది.
రెండోసారీ అంతే.
మూడోసారి నేను గోడను తిట్టా.

అప్పుడు కూచుని ఆలోచించా.
గాడి ఎందుకు?
బురదకి, నీళ్లకి దారి ఇవ్వడానికి.
బురదా నీళ్లూ లేని చోట
గాడి వట్టి ఖాళీ,
రాయిని తాకకుండా పోయిన రబ్బరు.
లారీని చంపేదే దీన్ని బతికిస్తుంది.
ఇంత చిన్న సంగతికి
నా వేళ్లు ఒప్పుకోడానికి మధ్యాహ్నమైంది.

వెనక మెత్తటి గుండువి, గిల్లితే చెవితమ్మెలా వంగేవి.
ముందు కాస్త గట్టివి,
లేదంటే మూతి ముందే తిరిగి తోక పైకి లేస్తుంది.
రిమ్ముకి రెండువైపులా అంటుకునే టేపు
గోటితో చుట్టింది కెజియా.
నా వేళ్లకి అది దొరకలేదు.

"గుండు టైరా, మాలకొండా?"

వెనక నుంచి వెలుగొండయ్య.
ఎప్పుడొచ్చాడో, టీ గ్లాసు సగానికొచ్చింది.
కారు తీసుకుని ఎండకి పట్టి
బొటనవేలితో చక్రం తిప్పాడు.
చాలాసేపు తిరిగింది.
"ఇంకో నెల లాగుద్దా?" అన్నాడు,
నవ్వుతున్నాడో లేదో
ఆ వెలుతురులో తెలియలేదు.

"లాగదు," అన్నా.
గొంతు నాదిలా లేదు.
"రాతిపొడి అంటుకుంటది.
మూడు చుట్లకి పట్టు పోద్ది.
మూడు చుట్లకోసారి తుడవాల."

కెజియా రిమోటు పట్టుకుని
మా ఇద్దరి వంకా చూస్తా నిలబడింది.
వెలుగొండయ్య గ్లాసు పక్కన పెట్టి,
కాలు చాపుకుని, పలక అంచున కూచుని,
"తడిగుడ్డ ఇటియ్యి," అన్నాడు.