కోతల కాలమ్

శుక్రవారం మా సంఘానికి దొరికేది
మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు.
మాకు ముందు తమిళులు, తర్వాత కొరియావాళ్లు.
మూడు భాషల చెమట ఆరని అవే కుర్చీలు.
కానుకల సంచీ లెక్క పదేళ్లుగా నాదే.
ఒక్కో దీనారు నాలుగు మడతలు పడి వస్తుంది.
ఎవరి జేబులో ఎన్నాళ్లు నానిందో
వేళ్లకు తెలుస్తుంది.

మిగతా ఆరు రోజులూ ఫర్వానియాలో, రెండో అంతస్తులో,
క్లీనింగ్ కంపెనీ జీతాల పట్టిక నాది.
నాలుగువందల పన్నెండు పేర్లు.
ఆఖరి కాలమ్ పేరు కోత.
అరబీలో ఉన్న మాటకు నేను చెప్పుకునే తెలుగు అది.
గది అద్దెకు కోత, అకామా ఖర్చుకు కోత,
జ్వరమొచ్చి పడుకున్న ఒక రోజుకు
రెండు రోజుల కోత.
నేను అంకెలు దింపుతాను, అంతే.
నా అకామా కూడా ఆ కఫీల్ చేతిలోనే ఉంది.

ఓబద్యను మీరు చూసే ఉంటారు.
ఆసుపత్రి మెట్లు తుడుస్తాడు. పసుపు చొక్కా,
వీపు మీద కంపెనీ పేరు, ఉప్పు మరకలో సగం చెరిగి.
రాజోలు దగ్గర లంక ఊరు.
మందిరంలో ఆఖరి వరస.
పాటకు అందరూ లేచాక
ముందు కుర్చీ పట్టుకుని
ఒక చరణం ఆలస్యంగా లేస్తాడు.

జులైలో జలీబ్ సందుల్లో బిర్యానీ పొట్లాలు పంచాం.
ఫోటోలు తీసుకున్నాం.
యెమీమా అక్క తనకు దొరికిన ఒక్క పూట సెలవూ
ఉల్లిపాయలు తరగడానికే ఇచ్చేసింది.
ఆమెనేమీ అనను.
ఓబద్య పొట్లం రెండు చేతులా అందుకుని
కళ్లకద్దుకున్నాడు.
"వాసన బాగుందండి బ్రదర్.
మరి నా నాల్నెల్లు ఎప్పుడండి?"

నన్నే.
పట్టిక ఎవరిదో ఆయనకు తెలుసు.
ఆరేళ్లుగా తెలుసు.
తెలిసీ బ్రదర్ అనే పిలిచాడు.

ప్రార్థన చేద్దాం అనబోయాను.
నోట్లో మాట ఇసకైంది.

ఆ వారం పాస్టరుగారు చదివిన భాగం
చిన్నప్పుడు టిఫిన్ డబ్బా బహుమానం కోసం
నేను కంఠతా పట్టిందే.
పొలం కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి
దానంతటదే అరుస్తుందట,
ఆ అరుపు పైదాకా వెళ్తుందట.
అప్పుడు నాకు కోత అంటే వరి.
కొడవలి, పనలు, సాయంత్రానికి నిటారు కాని మా నాయన నడుం.
ఇప్పుడు కోత అంటే
నేను.

ఓబద్య కోసం ప్రత్యేక కానుక పట్టారు.
పదిహేడు దీనార్ల పావు. నేనే లెక్కపెట్టాను.
రావలసింది రెండువందల నలభై.
ఆ తేడా ఎక్కడుందో
ఆ హాల్లో నా ఒక్కడికే తెలుసు,
పాస్‌వర్డ్‌తో సహా.

రాత్రి ఆఫీసులో, కోతలు పడకముందు హాజరు పట్టీలు
ప్రింటు తీశాను.
పేజీ పేజీకీ ప్రింటర్ దగ్గింది.
ప్రతి దగ్గుకూ తలుపు వైపు చూశాను.
ధైర్యం అనుకునేరు, కాదు.
చొక్కా మొత్తం తడిసింది.

కెజియా కాగితాలు చూసింది.
"పిల్లదాని ఫీజు?" అంది.
చాలాసేపు ఇంకేమీ అనలేదు.
లేచి, బైబిలు జిప్పు కవరు ఖాళీ చేసి
కాగితాలు అందులో పెట్టింది.
సరిగ్గా పట్టాయి.

ఆదివారం. షూన్ ఆఫీసు. టోకెన్ నూటపద్దెనిమిది.
బోర్డు మీద నలభై ఒకటి.
మందూబ్ రెండుసార్లు ఫోన్ చేశాడు.
మూడోసారి నేనే ఆపేశాను.
ఒళ్లో కవరు, అందులో నాలుగువందల పన్నెండు పేర్లు.
పక్కన ఉతికిన చొక్కాలో ఓబద్య.
నా చేతుల వణుకు చూసి
ఏమీ అడక్కుండా
తన నీళ్ల సీసా మూత తిప్పి
నాకు ముందు ఇచ్చాడు.