పదకొండు సెకన్లు

మున్సిపాలిటీ మూడో అంతస్తుల
నేను చాయ్ పోస్తున్న.
పెద్ద టేబుల్ మీద మా పేట పటం పరిచిండ్రు,
గుదైబియా మొత్తం ఒక దస్తీ అంత.
నేనుండే రూము ఏడున్నదా అని
కప్పులు సర్దుకుంట ఎతికిన.
దొరికేలోపే
సరిగ్గ దాని మీదనే పెట్టిండు ఒకాయన
నమిలిన ఖర్జూరం గింజ.

ఏది ముందు, ఏది ఎనుక?
అదీ ముచ్చట.
అరబ్బీ నాకు సగమే అర్థమైతది గని
పదమూడేండ్లు చాయ్ పోసినంక
లొల్లి ఏ భాషలున్నా ఒక్కతీరే ఇనబడ్తది.
పార్కింగు ముందన్నడు దుకాణాలాయన.
చెట్లు ముందన్నది ఒకామె.
కెమెరాలన్నరు, గోడలకు రంగులన్నరు.
ఒక ముసలాయన మాత్రం
పిల్లులు, పిల్లులు అని రెండుమాట్ల అని
చక్కెర కలుపుకుంట ఊకున్నడు.

శుక్రవారం రాత్రి
మా రూముల గూడ నడుస్తది కౌన్సిలు.
మంచం మీద మంచం, తొమ్మిదిమంది మెంబర్లు.
సందుల నడిస్తె ఏసీ నీళ్లు నెత్తిన పడ్తయి,
ఒక్క పైపు ఏస్తె ఏం పోయింది అంటడు పోశెట్టి.
బస్సు ఆగేకాడ నీడ కావాలె అంటడు
ఎండకు ముక్కు పొట్టు లేసిన పోరడు.
ఏడాదికొక్క వాన పడితే
కోల్డ్ స్టోర్ ముందట మడుగు,
చెప్పులు చేతులవట్టుకొని డ్యూటీకి పోవాలె.
రాసుకునేటోడు ఎవ్వడు లేడు.
చారు గిన్నె కడుగుడు అయిపోతె
సభ అయిపోయినట్టే.

ఆ దినం
ఇంజనీరు బుదూర్ మేడం
కప్పు అందుకుంట హిందీల అడిగింది:
నువ్వు ఆడనే ఉంటవు కదా,
నీకైతే ముందు ఏం కావాలె?

అడగందే అమ్మయినా పెట్టదంటరు.
అడిగితే నాలుక ఎటువోయిందో!
ఏసీ నీళ్లు యాదికి రాలే,
నీడ రాలే, మడుగు రాలే.
ట్రే అట్లనే పట్టుకొని అన్న:
సిగ్నలు, మేడం.
పచ్చబొమ్మ పదకొండు సెకన్లే నడుస్తది.
నూకరత్నమ్మకు పంతొమ్మిది కావాలె.

ఎవరామె? అన్నది.

ఏం చెప్పాలె.
అమలాపురం దిక్కుది. మూడిండ్ల పని.
కుడి మోకాలు అరిగిపోయింది.
పదకొండయ్యేసరికి డివైడర్ కాడనే ఉంటది,
బకెట్ కింద పెట్టి
వచ్చే కార్లకు చెయ్యెత్తుతది,
దండం పెడుతున్నదో ఆపుతున్నదో
ఆమెకే ఎరుక.
నేను ఇవతల నిలవడి
రోజూ లెక్కవెడ్త,
లెక్కవెట్టుడు తప్ప నా చేతుల ఏమున్నది.

కొందరు నవ్విండ్రు.
మేడం నవ్వలే.
పేరు ఎట్ల పలకాలె అని అడిగింది.
నూ, క, రత్, నం.
అరబ్బీల కుడికెల్లి ఎడమకు
ఆ పేరు కాయితం దాటింది,
కుంటకుంట, ఎక్కడా ఆగకుంట.
పద్నాలుగో నంబరు. ఇతరములు.

రంజాన్ వచ్చింది, పోయింది.
గోడలకు రంగులు పడ్డయి.
పార్కింగుకు తెల్లగీతలు పడ్డయి.
చెట్లు నాటి కర్రలు కట్టిండ్రు,
ఆ కర్రల నీడల పిల్లులు పండుకున్నయి.

ఒక పొద్దుగాల
అలవాటుకొద్ది లెక్కవెడుతున్న.
పది, పదకొండు,
పన్నెండు.
ఆగలే.
పచ్చబొమ్మ ఇంక నడుస్తనే ఉన్నది!
నూకరత్నమ్మ మాత్రం
ఎప్పటిలెక్కనే డివైడర్ కాడ ఆగి
బకెట్ కింద పెట్టి చెయ్యెత్తింది.
నడువమ్మా, ఇంక నీదే, నడువు! అని ఒర్లిన.
ఎవడో తాగుబోతోడు అనుకున్నదేమో,
గోదారి యాసల నన్ను తిట్టింది.

పదిహేను కాడ ఎర్రవడ్డది.

ఇంక నాలుగు సెకన్లు బాకీ.
వచ్చే నెల మళ్ల మీటింగున్నది.
చక్కెర ఎక్కువ తెచ్చి పెట్టుమన్నరు.