తాయారక్క గళ్ళ పుస్తకం

పదో తరగతి పిల్లలకి
స్ఫూర్తినిచ్చే మాటలేవైనా చెప్పమన్నారు మీ హెడ్మాస్టరు.
నాకు అలాంటివి రావు.
రిచీ స్ట్రీట్‌లో సోల్డరింగ్ చేసి బతికినవాణ్ణి,
ఆ పొగకి గొంతు కూడా పాడైంది.
తాయారక్క గురించయితే చెబుతాను.

మింట్ వీధి వెనక సందులో
వాళ్ళ నాన్న కంపోజిటరు.
సీసం అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటాయి.
ఆ పిల్ల చదువు నేర్చింది వాటి మీదే.
బళ్ళో మొదటిరోజు పలక మీద 'అ' వెనక్కి తిప్పి రాసి
సాయంత్రందాకా గోడకుర్చీ వేసింది.

కరెంటు పోయినా ఆయన పని ఆగేది కాదు,
ఏ గడిలో ఏ వత్తుందో వేళ్ళకి తెలుసు.
సీసం ఒంటికెక్కి ఆ వేళ్ళే వణకడం మొదలెట్టాయి.
ప్రెస్సు మూసేశారు.
టైపంతా తూకానికి పోయింది,
'క' అయినా 'ఱ' అయినా కిలో ఒకటే రేటు.

ఎనభై నాలుగు. నాకప్పుడు మీ వయసే.
హార్బరు వేలంలో అక్క ఒక కంప్యూటరు కొంది.
దానికి ఇంగ్లీషు తప్ప ఏమీ తెలీదు.
పచ్చటి తెర, అక్షరానికి
అడ్డం ఎనిమిది చుక్కలు, నిలువు పదహారు.
"చుక్కలేగా అక్కా, ముగ్గులాగే" అన్నాను.
"ముగ్గుకి వాకిలంతా ఉంటుందిరా తిక్కలోడా,
ఇది అగ్గిపెట్టె."

'క' కుదిరింది. 'మ' కొంచెం లావుగా కుదిరింది.
'స్త్రీ' దగ్గర
నాలుగు నెలలు ఆగిపోయాం.
నెత్తిన గుడిదీర్ఘం, కాళ్ళకింద రెండు వత్తులు,
అవి జారి కింది వరసలో
ఇంకో అక్షరం తల మీద కూర్చునేవి.

మొదటి గిరాకీ పెళ్ళి పత్రిక.
వత్తులన్నీ రాలిపోయి అచ్చయింది.
పెళ్ళి 'పెళి' అయింది,
పెళ్ళికొడుకు తల్లి రత్తమ్మ 'రతమ' అయింది.
ఆవిడ మేడెక్కి వచ్చి తిట్టిన తిట్లలో మాత్రం
ఒక్క వత్తూ తప్పిపోలేదు.

అక్క ఆ రాత్రి ఏడ్చింది. దాచను.
తర్వాత గళ్ళ పుస్తకం తీసి
తేదీ వేసి 'రతమ' అని రాసుకుంది.
అందులో తప్పులకి విడిగా పద్దు,
ఆఖరి అంకె మూడొందల పన్నెండు.

ఒకరోజు వాళ్ళ నాన్న గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.
తెర వంక చాలాసేపు చూసి,
"వత్తుకి చోటు వెతుకుతున్నావేమిటే?
వత్తొచ్చే చోట మేం పొట్టి అక్షరం పెట్టేవాళ్ళం.
దానికి వేరే కేసుండేది" అన్నాడు.

అంతే.
ప్రతి అక్షరాన్నీ రెండుసార్లు గీసింది:
నిటారుగా నిలబడ్డది ఒకటి,
కిందవాడికి చోటిస్తూ వంగింది ఒకటి.
చిప్పులు చెరిపే దీపం కొనే డబ్బుల్లేక
మేడ మీద వడియాల పక్కనే వాటినీ ఎండబెట్టాం.
మద్రాసు ఎండ. వారం పట్టేది.
కాకుల్ని తోలడం నా ఉద్యోగం.

ప్రింటరు కిర్రుమంటూ 'స్త్రీ' ని కక్కిన రాత్రి
ఆ పెద్దాయన కాగితం వెనక తడిమి చూశాడు.
"గుచ్చుకోదేం?" అన్నాడు,
కొంచెం దిగులుగానే.

గూడూరు పక్క పాలసంఘం ఒకటి రశీదులకి కొంది.
పాలు పోసే ఒకావిడ తన పేరు చదువుకుని,
లీటర్లు చదువుకుని,
వెంటనే పోట్లాటకి దిగిందట. లెక్క తక్కువుందని.
ఆ కబురు విని అక్క నవ్విన నవ్వు
నేను మళ్ళీ చూళ్ళేదు.

మీ ఫోన్లలో ఉన్నవి ఆవిడ అక్షరాలు కావు.
ఆ మిషను పోయింది, ఫ్లాపీలకి బూజు పట్టింది.
ఇంకెవరో ఇంకో దారిలో చేశారు.
మిగిలింది ఈ పుస్తకం.

చివరి పేజీ చూడండి, 'ౡ'.
ఒక్క మాటలోనైనా చూశారా దాన్ని? నేనూ చూళ్ళేదు.
మూడు రాత్రులు కూర్చుని గీసింది.
ఎందుకక్కా అంటే,
"ఎప్పుడో ఎవరో వచ్చి అడిగితే
లేదనకూడదు కదరా" అంది.

చేతులు తుడుచుకుని ముట్టుకోండి,
బెంచీ నుంచి బెంచీకి పంపండి.
ఆ పేజీలో ఒక చుక్క తప్పు గడిలో పడింది,
పద్దులోకి ఎక్కలేదు.
ఏదో నేను చెప్పను.