చేబదులు

వేపేరిలో, పశువుల ఆసుపత్రి వెనక సందులో
మిస్ యూనిస్ ఇంట్లో, పియానో కడుపులో
పదిహేను వాట్ల బల్బు ఒకటి రాత్రింబగళ్లు వెలుగుతుంది,
సముద్రపు చెమ్మ తీగల్ని తినకుండా.
మూత సందులోంచి ఆ పసుపు కనిపిస్తుంటే
లోపల ఎవరో ఇంకా నిద్రపోలేదనిపిస్తుంది.

నాకు నలభై ఏడు. మింట్ వీధి బ్యాంకులో క్యాషియర్ని.
పొద్దుటినుంచి నోట్లు లెక్కపెట్టిన వేళ్లే
సాయంత్రం ఈ నోట్ల మీదికి వస్తాయి,
బొటనవేలికి ఇంకా స్పాంజి తడి.
"టైరూ" అంటుందావిడ. నా పేరు తాయారు.
తొమ్మిదేళ్లుగా దిద్దుతున్నాను.
అంతకంటే ఓపిగ్గా ఆవిడ నా నాలుగో వేలిని దిద్దుతోంది.

ఈ పాఠానికి ఐదు ఫ్లాట్లు.
మా మేడలోనూ ఐదే ఫ్లాట్లు,
నేనెక్కడ తప్పుతానో ఐదింటివాళ్లకీ తెలుసు.
మూడో అంతస్తు కుర్రాడు మెట్లు దిగుతూ ఈల వేస్తాడు దాన్ని,
నా తప్పుతో సహా.

అసలు చిక్కు రెండో పేజీ అడుగున.
ఎడమచెయ్యి పన్నెండు అడుగులు వేసేలోపు
కుడిచెయ్యి ఇరవై రెండు మెట్లు దిగాలి.
ఓచరు వెనక పెన్సిలుతో భాగించి చూశాను.
ఒకటి పోగా మిగిలింది పది.
ఆ పదినీ ఎక్కడ పెట్టను?
చిల్లర తేలకుండా కౌంటరు మూసినదాన్ని కాదు నేను.
మూడు నెలలు ముక్కలు ముక్కలుగా విడదీశాను
చింతపండులో గింజలు తీసినట్టు.
గింజలన్నీ వచ్చాయి.
పులుపు రాలేదు.

"లెక్క తేల్చకు" అంది ఒక గురువారం,
నా ఎడమచేతి మీద తన చెయ్యి వేసి.
"ఇది గడియారం. అదేమో గడియారం చూడని మనిషి.
కాస్త కాలం ఇందులోంచి తీసుకుంటుంది,
తర్వాత ఇచ్చేస్తుంది."
వాళ్ల భాషలో దానికి దొంగతనమనే పేరట.
నాకు మాత్రం అమ్మ గుర్తొచ్చింది,
పిట్టగోడ మీదుగా గ్లాసుడు పంచదార, కాఫీపొడి,
పదో తారీకు దాకా ఓ యాభై.
పత్రం లేదు, వడ్డీ లేదు.
చేబదులు.
ఆ రాత్రి మొదటిసారి ఇరవై రెండూ జారాయి,
దండెం మీంచి తడిచీర జారినట్టు.
ఆఖరి మెట్టు దగ్గర రెండు చేతులూ కలిశాయి,
ఎవరు ఎవరికి బాకీయో తెలియలేదు.

ఇక ఆ పెన్సిలు రాత.
నాలుగో పేజీలో, ధ్వని పెరిగి పెరిగి
అంతా ఒక్కసారిగా మీద పడబోయే చోట
వంకర ఇంగ్లీషులో ఎవరో రాశారు: ఇప్పుడే కాదు.
అక్కడ ఆవిడ ఆపిస్తుంది.
వేళ్లు మీటల మీదే, నొక్కకుండా,
దాసప్రకాష్ సిగ్నల్ దగ్గరి హారన్లు వినబడేంతసేపు.
ఆ రాతకి ఎన్ని కథలు కట్టుకున్నాను!
మంచాన పడ్డ తల్లి రాసిందని,
ఆస్ట్రేలియా ఓడ ఎక్కనన్న యూనిస్ తనకి తానే రాసుకుందని,
ఎవడికో జవాబని.
ముందూ వెనకా ఉన్న పేజీలన్నీ
ఆ రెండు మాటల కోసమే నేర్చుకున్నానేమో.

మొన్న అడిగేశాను.
కళ్లజోడు తుడుచుకుని వంగి చూసింది.
"ఏమో. మూర్ మార్కెట్ కాలక ముందు
పాత పుస్తకాల గుట్టలో కొన్నాను, రెండు రూపాయలకి.
రాసిందెవరో నాకేం తెలుసు?
నలభై ఏళ్లుగా మాట వింటున్నాను, అంతే."
నవ్వుతుండగానే కరెంటు పోయింది,
పియానో కడుపులో బల్బుతో సహా.

చీకట్లోనే మొదటినుంచి అందుకున్నాను.
మధ్యలో రెండు తప్పులు, ఒకటి పాతదే.
నాలుగో పేజీ.
ఆగాను.
పక్కన ఆవిడ ఊపిరి బిగపట్టడం వినబడింది.
దోమ ఒకటి వచ్చి నా నాలుగో వేలి మీద వాలింది.
కుట్టనిచ్చాను.